లోపల ఉండిపోయిన ముక్క

తెగబోయే బోల్టు ముందే చెబుతుంది. పానా కదులుతుంది, తల తిరిగినట్టే ఉంటుంది, కానీ చేతికి రబ్బరు మెలిపెడుతున్నట్టు తగులుతుంది. చెయ్యి తిరిగిన మేస్త్రీ అక్కడే ఆగిపోతాడు. బోల్టును ఓ రవ్వ వెనక్కి బిగించి, నూనె చుక్క వేసి, వేరే పని చూసుకుంటాడు. కొత్త కుర్రాడైతే పానాకు పైపు తొడుగుతాడు. టక్కుమంటుంది. తల చేతిలో, మిగతాది ఇంజన్లో.

కొత్త బండి అయితే ఇంజన్ హెడ్డు మార్చెయ్యొచ్చు. అంబాసిడర్ లాంటి పాత కారుకు అలా కుదరదు, దాని తయారీ 2014లోనే ఆగిపోయింది. పాత ఇనుము కొట్లో హెడ్డు దొరికినా అందులో పగులు లేదని ఎవరూ పూచీ పడరు. అందుకే విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల తెగిన ముక్కను బయటికి తీసే పని తెలిసినవాడికి ఇంకా గిరాకీ ఉంది.

చేతిలోకి డ్రిల్లు తీసుకునే ముందు ముక్క ఎందుకు ఇరుక్కుందో తేల్చుకోవాలి. నా లెక్కన సగం పని అదే. బిగించేటప్పుడు అతి చేసి తెంపితే, ముక్క లోపల వదులుగానే ఉండొచ్చు. సన్నటి పంచ్ అంచున ఆనించి ఎడమవైపుకి మెల్లగా తట్టినా తిరిగి వచ్చేస్తుంది. పోత ఇనుములో తుప్పు పట్టిందైతే వేరు. ఇనుము తుప్పయితే అసలుకన్నా రెట్టింపుకు పైగా చోటు ఆక్రమిస్తుంది, మరల సందులన్నీ బిగుసుకుపోతాయి. అల్యూమినియం హెడ్డులో ఉక్కు బోల్టు, పక్కన నీళ్ల దారి ఉంటే తెల్లటి పొడి పేరుకుని అంతకన్నా మొండికేస్తుంది.

మరో కారణం మనుషులది. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నుంచి పుట్టిన అంబాసిడర్ పాత ఇంజన్లో మరలు అంగుళాల లెక్కవి. తర్వాత వచ్చిన ఇసుజు ఇంజన్లో మిల్లీమీటర్లవి. 5/16 అంగుళాల రంధ్రానికీ 8 మిల్లీమీటర్ల బోల్టుకీ లావులో తేడా కంటికి ఆనదు, మరల సందు మాత్రం వేరు. ఎవరో ఎప్పుడో బలవంతంగా దూర్చి ఉంటారు. ఆ పాపం ఇప్పుడు బయటపడుతుంది.

తుప్పుకు మొదటి మందు నూనె, రెండోది సుత్తి. బలంగా కాదు, ముక్క నెత్తిన నిటారుగా చిన్న చిన్న దెబ్బలు. తుప్పు చిట్లితే నూనెకు దారి దొరుకుతుంది. తర్వాత నూనె, పెట్రోలు ఆనవాలు లేకుండా తుడిచి మంట పెడతారు. అల్యూమినియం వేడికి ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది కాబట్టి అక్కడ చుట్టూ ఉన్న లోహాన్ని వేడి చేయడం లాభం. వేడి మీద కొవ్వొత్తి ఆనిస్తే మైనం కరిగి సందుల్లోకి పాకుతుంది. నూనెకన్నా మైనాన్ని నమ్మేవాళ్లూ ఉన్నారు.

ముక్క అంచుకు సమంగా తెగితే వెల్డింగు రాడ్డే దిక్కు. ముక్కమీద వాషరు పెట్టి దాని కంత గుండా కలుపుతారు, ఆపైన నట్టు అతికిస్తారు. అల్యూమినియానికి ఆ ఉక్కు అంటుకోదు. ఇక్కడ నట్టు పట్టు దొరకడంకన్నా వేడి ముఖ్యం: ఎర్రగా కాలిన ముక్క సాగడానికి చోటులేక తనలో తాను నలిగి, చల్లారాక రవ్వంత సన్నబడుతుంది. తుప్పు పట్టు అక్కడ విడిపోతుంది. గోరువెచ్చగా ఉండగా పానా వేసి అటో పిసరు, ఇటో పిసరు ఆడిస్తారు. మొదటిసారి నట్టు ఊడొస్తే ఇంకోటి వేస్తారు. చిరాకుపడేవాడు ఈ పనికి రాడు.

అదీ కుదరకపోతే డ్రిల్లు. తెగిన ముఖం ఎగుడుదిగుడుగా ఉంటుంది, బిట్టు జారి మెత్తటి అల్యూమినియంలోకి పోతుంది. దానికి లేతు మీద ఒక బుష్షు తీయించి, హెడ్డుకు బిగించే మానిఫోల్డు రంధ్రంలో కూర్చోబెట్టి, దాని గుండా సన్న బిట్టు దింపుతారు. నడిమధ్యన పడితే సగం గెలిచినట్టే. 8 మిల్లీమీటర్ల మామూలు మరకు 6.8 దాకా పెంచుకుంటూ పోతే ముక్కలో మర మాత్రం మిగులుతుంది. సూదిమొన ఇనుముతో దాని కొస లేపి లాగితే చుట్టలు చుట్టలుగా వస్తుంది. చూడ్డానికి భలే ముచ్చట.

అంగట్లో అందరూ ముందు కొనేది ఈజీ అవుట్, ముక్కలో రంధ్రం వేసి అందులో దూర్చి తిప్పే పనిముట్టు. నా మటుకు నాకు దానంత అబద్ధపు పేరు ఇంకోటి లేదు. నూనెకూ వేడికీ లొంగని ముక్క దానికి మాత్రం ఎందుకు లొంగుతుంది? అది లోపల విరిగిందా, మామూలు బిట్టు దాన్ని గీరను కూడా గీరలేదు. అప్పుడిక కరెంటు నిప్పురవ్వలతో లోహాన్ని తినేసే యంత్రం దగ్గరికి పరుగెత్తాలి. 1943లో సోవియట్ శాస్త్రవేత్తలు లాజరెంకో దంపతులు రూపొందించిన పద్ధతి అది.

విడిగా తీసిన అల్యూమినియం భాగమైతే ఓపికున్నవాళ్లకు ఇంకో దారి ఉంది: పటిక నీళ్లు. గడియారాల పనివాళ్లు ఇత్తడి పలకలో విరిగిన ఉక్కు మరను అలాగే కరిగిస్తారు. చిక్కటి పటిక ద్రావణంలో వేడిగా ఉంచితే ఉక్కు మెల్లగా కరిగిపోతుంది, అల్యూమినియం నిలుస్తుంది. ఆ భాగంలో వేరే ఉక్కు ఏదీ ఉండకూడదు, లేకపోతే అదీ పోతుంది.

ముక్క వచ్చాక ట్యాపుతో మర శుభ్రం చేసి, కొత్త స్టడ్డును, అంటే తల లేని బోల్టును, చేత్తోనే చివరిదాకా తిప్పి చూడాలి. ఎగ్జాస్టు వైపు రాగి గ్రీజు రాసి ఇత్తడి నట్లు వేస్తారు. ఉక్కు నట్లు చవకే, కాకపోతే ఆ వేడికి అవి స్టడ్డుతో కలిసి తుప్పుపట్టి మళ్లీ పైపు తొడగాల్సి వస్తుంది.