స్పీకర్ లేని పాట

స్పీకర్ వైర్లు విప్పి పక్కన పెట్టాను. వాటి చోట 8 ఓమ్స్ రెసిస్టర్ తగిలించాను, పింగాణీ గొట్టం మీద తీగ చుట్టిన పెద్దది. ఫోన్లో పాట పెట్టి వాల్యూమ్ సగానికి పైగా తిప్పాను. కొత్త యాంప్లిఫయర్ బోర్డు ఎంత వేడెక్కుతుందో చూద్దామని. రాత్రి పది దాటింది, జనగామలో మా వీధి సద్దుమణిగింది. అప్పుడు వినపడింది సన్నగా, మూతపెట్టిన డబ్బాలోంచి వచ్చినట్టు, అదే పాట. ఫోన్ చెవికి ఆనించి చూశాను. అది మౌనంగానే ఉంది. బల్ల మీదికి వంగితే రెసిస్టర్ దగ్గర రాగం, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర దరువు.

"స్పీకరే లేదు గదా, పాట ఏడికెళ్లి వస్తుంది?" అంది మా ఆవిడ గుమ్మంలో నిలబడి.

తీగలో కరెంటు పారినప్పుడు పక్కపక్క చుట్లు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. చుట్టు వదులుగా ఉన్న చోట తీగ అదురుతుంది. కరెంటు ఇటు పారినా అటు పారినా లాగుడు లాగుడే కాబట్టి స్వరం ఒక స్థాయి పైకి లేచి, కొంచెం గరగరలాడుతూ వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌దీ ఇంచుమించు ఇదే లెక్క. అయస్కాంతం పట్టిన ఇనుము వెంట్రుకవాసి కూడా కాదు గానీ సాగుతుంది. జూల్ 1842లోనే దీన్ని పట్టుకున్నాడు. 50 సైకిళ్ల కరెంటుకు ఇనుము సెకనుకు 100 సార్లు కదులుతుంది. ఆ 100కి మూలం మా పాత వరంగల్ జిల్లాలోనే ఉంది. భూపాలపల్లి దగ్గర చెల్పూరు విద్యుత్ కేంద్రంలో టర్బైన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. దక్షిణాది గ్రిడ్ 2013 డిసెంబర్ 31న మిగతా దేశంతో కలిసింది కాబట్టి, నా బల్ల మీది గుయ్యిమనే మోతకీ కాశ్మీరులో మోతకీ ఇప్పుడు ఒకటే శ్రుతి. అమెరికా వెళ్లిన మనవాళ్లకు మాత్రం అది 120.

ఈ వినికిడి నాకు మానుకోటలో అబ్బింది. అక్కడి మైక్‌సెట్ షాపులో మా ఉస్తాద్ మీటర్ ముట్టుకునేముందు ఎండిన వెదురుపుల్ల తీసేవాడు. బోర్డు మీద ఒక్కొక్కదాన్నీ మెల్లగా తట్టుకుంటూ పోయేవాడు. 104 అని రాసి ఉండే బిళ్ల కండెన్సర్‌ని తడితే స్పీకర్‌లో టక్కుమనేది. "ఇగో, మైకు దొరికింది" అనేవాడు. నిజంగా మైకే. అందులోని బేరియం టైటనేట్‌ను నొక్కితే వోల్టేజీ పుడుతుంది, వోల్టేజీ ఇస్తే అదే ఒళ్లు విరుచుకుని కూస్తుంది. ఆయన దాన్ని పీకి మైలార్ కండెన్సర్ వేసేవాడు. కారణం ఏనాడూ చెప్పలేదు. క్యూరీ సోదరులు 1880లో ఇలాంటిదే స్ఫటికాల్లో కనిపెట్టారని నేను చాలా ఏళ్లకు చదువుకున్నాను.

నా ట్రాన్స్‌ఫార్మర్ మోతకు వేరే కథ. చవగ్గా వస్తోందని కొన్నాను. రేకుల మధ్య వార్నిష్ సరిగా దిగలేదు, బోల్టులు బిగిస్తే సగం తగ్గింది. మళ్లీ వార్నిష్‌లో ముంచి ఎండబెడితే ఇంకొంత తగ్గింది. మిగిలిన జరజర క్యాబినెట్ మూతది. నాలుగు రోజులు ట్రాన్స్‌ఫార్మర్‌నే తిట్టుకున్నాను, అన్యాయంగా.

మూతకు మందు పెంబర్తిలో దొరికింది. బండి ఆపి ఒక ఇంటి అరుగు మీద కూర్చుంటే, లోపల ఇత్తడి రేకు మీద ఉలితో నగిషీ చెక్కుతున్నారు. అన్ని దెబ్బలు పడుతున్నా రేకు ఖంగుమనదు, టప్‌టప్‌మంటుంది. కింద లక్క పరిచి ఉంది. ఇంటికొచ్చి మూత లోపలివైపు, కారు డోర్లకు వేసే తారు షీటు అంటించాను. జరజర పోయింది.

రెసిస్టర్‌ని మాత్రం ఏమీ చేయలేదు. మొన్న మళ్లీ తగిలిస్తే మా ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏం పాటో నేను చెప్పకూడదట. చెవి ఒగ్గి వింది, పల్లవి అయ్యేలోపే పేరు చెప్పేసింది.