దొంగ వెనక్కి నడిచే దారి

టవర్ డిఫెన్స్ ఆటల సత్తా తుపాకుల్లో లేదు, దారిలో ఉంది. కాల్చే పని టవర్లు వాటంతటవే చూసుకుంటాయి. శత్రువు ఎటు నడవాలో, ఎంతసేపు నడవాలో తేల్చడమే ఆటగాడి వంతు. 1990లో అటారీ తెచ్చిన ర్యాంపార్ట్‌లో మొలకెత్తిన ఈ ఆటల తరహా, స్టార్‌క్రాఫ్ట్, వార్‌క్రాఫ్ట్ 3 అభిమానులు సొంతంగా తయారుచేసుకున్న మ్యాపుల్లో పెరిగి, 2007లో డెస్క్‌టాప్ టవర్ డిఫెన్స్‌తో బ్రౌజర్లకెక్కింది. దాని లోతు నాకు పూర్తిగా కనిపించేది మాత్రం హిడెన్ పాత్ ఎంటర్‌టైన్‌మెంట్ 2008 చివర్లో విడుదల చేసిన సైన్స్ ఫిక్షన్ ఆట డిఫెన్స్ గ్రిడ్: ది అవేకెనింగ్‌లోనే.

ఈ తరహా ఆటల్లో చాలావాటిలో శత్రువు గీత దాటితే ఆ నష్టం ఖాయం. ఇక్కడ గ్రహాంతరవాసులు శక్తిగోళాల కోసం వస్తారు. దొరికినవి ఎత్తుకుని మళ్లీ బయటికి నడవాలి. మధ్యలో దొంగ చస్తే గోళం గాల్లో తేలుతూ నెమ్మదిగా తన చోటికి బయలుదేరుతుంది. ఈలోగా ఇంకొకడు దాన్ని అందుకోవచ్చు. ఈ ఒక్క నియమంతో లెక్కంతా మారిపోతుంది. లోపలికొచ్చేటప్పుడు తప్పించుకున్నవాడు పోయేటప్పుడు చిక్కవచ్చు, కాబట్టి చాలా టవర్లకు రెండు అవకాశాలు. ఖాళీ స్థలమున్న మ్యాపుల్లో టవర్లే గోడలు కూడా. మడవ మార్చి నీటిని మళ్లకు మళ్లించే రైతులా, ఆటగాడు చవకైన గన్ టవర్ల వరసతో గుంపును మెలికలు తిప్పి, ఒకే ఫిరంగి ముందు నుంచి మూడు నాలుగుసార్లు నడిపించగలడు. ఆ మలుపులో టెంపొరల్ టవర్ పెడితే నడక ఇంకా మందగిస్తుంది. దగ్గరికొచ్చినవాణ్ణి మీటియర్ టవర్ కొట్టలేదు, క్షిపణులు ఎగిరేవాటికే పనికొస్తాయి. అంటే ఏ టవర్ విలువైనా అది నిలబడ్డ చోటే చెబుతుంది. పైగా ఖర్చుపెట్టని నిధికి వడ్డీ పెరుగుతుంది గనుక, తొందరపడి కట్టిన ప్రతి టవర్ రేపటి బలాన్ని కొంత తినేస్తుంది.

కట్టేశాక చూస్తూ కూర్చోవడమేగా, ఇదేం ఆట అనేవారున్నారు. చూడటమే ఇక్కడ అసలు పని: గుంపు ఎక్కడ పలచబడింది, కవచమున్నవాడు ఏ మలుపు దాకా బతికాడు అన్నది గమనించకపోతే తర్వాతి టవర్ ఎక్కడ వేయాలో తెలియదు. మార్గం ఒకసారి దొరికితే ఆట అయిపోయినట్టే అన్న విమర్శలో కొంత నిజముంది. దారి ముందే గీసిపెట్టిన మ్యాపులు త్వరగానే వెలవెలబోతాయి. కానీ ఖాళీ మైదానంలో గెలిచే వ్యూహం ఒక్కటే ఉండదు. ఓడబోతున్నప్పుడు ఆటను కొద్దిసేపు వెనక్కి మళ్లించే వీలును చాలామంది వెసులుబాటుగా చూస్తారు. నాకది ఈ ఆటలోని అత్యుత్తమ సాధనం. అదే గుంపు, అదే నిధి, ఒక్క టవర్ స్థానం మాత్రమే మార్చి ఫలితాన్ని పోల్చుకోగల వీలు వ్యూహరచన ఆటల్లో అరుదు.