చెట్టు కింద పెరడు

చెట్టు నాటడం గురించి ఖమ్మం వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. రెడ్డిపల్లి వనజీవి రామయ్యకు 2017లో పద్మశ్రీ వచ్చింది ఆ పనికే. చెట్టు ఎదిగి పెరడంతా కమ్మేశాక కింద ఏం వేయాలన్న దగ్గరే తికమక. కొందరు నర్సరీ నుంచి క్రోటన్లు తెచ్చి కుండీల్లో పెట్టి ఊరుకుంటారు. ఇంకొందరు కొమ్మలే నరికేస్తారు. మే నెలలో 45 డిగ్రీలు దాటే కొత్తగూడెం, భద్రాచలం వైపు ఇంతకంటే తెలివితక్కువ పని లేదు.

జవాబు అడవిలోనే ఉంది. పాపికొండల కొండరెడ్లు కర్రతో నేల తవ్వి అడవి దుంపలు తీసుకునేవాళ్లు. మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1945లో తెచ్చిన పుస్తకం ఆ కొండరెడ్ల మీదే. వాళ్లు తవ్వే దుంపలు తొలకరికి మొలిచి, చెట్ల సందుల్లో ఆకు విప్పి, చలికాలానికి నేలలో దాగేవి. నీడ పెరటికి కావాల్సింది ఆ బాపతే.

నీడంతా ఒకటి కాదు. వేప, మునగ కింద ఎండ జల్లెడ పట్టినట్టు దిగుతుంది. అక్కడ పసుపు, అల్లం హాయిగా వస్తాయి. గుబురు మామిడి మొదట్లో ఏదీ సరిగా ఎదగదు, కొమ్మల అంచుకు జరగాలి. స్నానాల నీళ్లు పారే చోట చామ. తమలపాకు తీగకు అవిశ మొక్కే నీడా, ఆధారమూ. పెండలం చెట్టెక్కి తన ఎండ తానే చూసుకుంటుంది. బోడకాకరను మాత్రం ఎండ తగిలే దడి మీదికి పాకించాలి. దాంట్లో ఆడ, మగ తీగలు వేరు. మగ తీగ పూసి కాయకపోతే దండగని పీకేస్తారు, ఆ తర్వాత ఆడ తీగకూ కాయ పట్టదు.

నన్నడిగితే మొదటి ఓటు కందకే. అడుగున్నర గుంత తవ్వి, ఎండుటాకు, మాగిన పేడ ఎరువు నింపి, కన్ను పైకి ఉండేలా ముక్క పెట్టి, పైన మళ్లీ ఆకు కప్పాలి. ఆకు పండి కాడ వాలిపోయాక, ఏడెనిమిది నెలలకు దుంప తీయొచ్చు. దురదకు భయపడేవాళ్లు గజేంద్ర రకం వేసుకోవచ్చు.

పనిముట్లకు పెద్ద ఖర్చేమీ లేదు. చెట్టు వేళ్లున్న నేలలో పార వేస్తే వేళ్లు తెగుతాయి. సన్న గడ్డపారతో గుంత తీసి, కలుపును కూర్చుని చిన్న కొడవలితో తీస్తే సరి. వెదురు బొంగు చివర కొడవలి కట్టిన దోటితో అడ్డం వచ్చే రెమ్మలు మాత్రమే కోయాలి. రాలిన ఆకును ఊడ్చి తగలబెట్టే చీపురు అలవాటు మాత్రం మానుకోవాలి. ఈ పెరటికి ఎరువు ఆ ఆకే.

శ్రీలంకలో క్యాండీ చుట్టుపక్కల ఇళ్లు కూడా ఇలాగే పెద్ద చెట్లు, తీగలు, దుంపలు అంతస్తులుగా పెంచుతాయి. మీ పెరట్లో వేప ఉంటే కంద విత్తనం ఇప్పుడే చూసుకోండి, మే దాటనివ్వకండి.