దుమ్ముగూడెం పాదిరి రాసిన కోయలు

మెదక్ చర్చి గురించి వినని వాళ్లు మన తెలంగాణలో తక్కువ. 1914లో మొదలై 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చిని చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించాడు. కరువు రోజుల్లో ఆ కట్టుబడి వల్లే జనానికి పని, తిండి దొరికాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. జహీరాబాద్ వైపు మొగుడంపల్లి తండాల్లో పాఠాలు చెప్పే మా తోటి ఉపాధ్యాయులను మిషనరీ అంటే ఎవరని అడిగితే పాస్నెట్ పేరే చెబుతారు. గోదావరి ఒడ్డున కోయగూడేల్లో అదే ప్రశ్న అడిగితే చాలాసార్లు ఏ పేరూ రాదు. అయితే కోయల గురించి అచ్చయిన పాత సంగతుల్లో పెద్ద భాగం ఒక మిషనరీ చేతి రాతే. ఆయన పేరు జాన్ కేన్. చర్చిలో కూర్చునే మన యువకులు ఆయనను చదవలేదు. ఇలవేల్పుల కొలుపులు మళ్లీ నిలబెడుతున్న మన యువకులూ చదవలేదు. చదవకుండానే ఒకరు పొగడటం, ఒకరు తిట్టడం జరుగుతోంది.

దుమ్ముగూడెంలో ఈ మిషన్ పుట్టింది ఆనకట్ట పనుల దగ్గర. ఎగువ గోదావరిలో పడవలు నడపాలని ఆర్థర్ కాటన్ కన్న కల కోసం హేగ్ అనే ఇంజనీరు అక్కడ పనిచేశాడు. భక్తిపరుడు. ఆయన కింద ఉద్యోగం చేసిన వెంకటరామరాజు అనే తెలుగువాడు క్రైస్తవుడై, ఆ కొలువు వదిలి కోయల మధ్య ప్రచారానికి దిగాడు. పడవల పథకం 1871లో ఆగిపోయింది, మిషన్ మాత్రం నిలిచింది. చర్చి మిషనరీ సొసైటీ తరఫున 1870లలో వచ్చిన కేన్ దశాబ్దాల పాటు ఆ ప్రాంతంలోనే ఉన్నాడు. కోయభాష నేర్చుకున్నాడు, సువార్త భాగాలను ఆ భాషలోకి తెచ్చాడు. 'ఇండియన్ ఆంటిక్వరీ' పత్రికలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి రాశాడు. 1881లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో కోయల మీద వ్యాసం అచ్చువేయించాడు. 1909లో థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చినప్పుడు కోయల గురించిన భాగంలో కేన్ రాతలనే పేజీలకు పేజీలు ఎత్తి పెట్టాడు. తర్వాత వచ్చిన వాళ్లు థర్‌స్టన్‌ను చూసి రాశారు. మా పిల్లలు తెచ్చుకునే పోటీ పరీక్షల గైడుల్లోకి కూడా ఆ మాటలే చేరాయి.

కాబట్టి ఆయన ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చాడన్నది మాకు పెద్ద విషయం కాదు. కోయల్లో మారినవాళ్లు కొద్దిమందే. మా లెక్కలో దానికి కారణం కష్టం కాదు: ఆయన ఒక్కో మనిషి ఆత్మ గురించి చెప్పాడు, కోయవాడి వేల్పు ఒక్కడిది కాదు, గట్టు మొత్తానిది. వేల్పును వదిలితే అన్నదమ్ములను, పెళ్లి సంబంధాలను వదిలినట్టే. ఆ సంగతి ఎరగని మనిషి కాదు కేన్, గట్టులను పేర్లతో సహా రాసుకున్నవాడు. ఎరిగీ ఆ గోడను దాటలేకపోయాడు.

ఇక ఆయన రాతలోకి వద్దాం. రెండు చోట్లు పక్కపక్కన పెట్టి చూడమని మా మనవి.

మొదటిది పేరు పెట్టే ముచ్చట. బిడ్డ పుట్టిన ఏడో రోజు స్నానం చేయించి, చుట్టపక్కాలంతా చేరి, మంచం మీద పడుకోబెట్టి, చేతిలో ఇప్పాకు పెట్టి ఒక పేరు పలుకుతారు. బిడ్డ గుప్పిట మూస్తే ఆ పేరు ఒప్పుకున్నట్టు. ఆకు వదిలేసినా ఏడ్చినా ఆ ఆకు పారేసి, ఇంకో ఆకు, ఇంకో పేరు. బిడ్డ ఒప్పేదాకా ఇలాగే సాగుతుంది. ఇది పక్కన కూర్చుని చూసినవాడి రాత లాగా ఉంది. ఎక్కడా వెక్కిరింత లేదు, తీర్పు లేదు. ఏడు రోజుల బిడ్డకు కూడా కాదనే హక్కు ఇచ్చిన జాతి మనదని ఈ ఒక్క పేరా వల్ల మన పిల్లలకు చూపించగలం.

రెండోది మామిళి అనే దేవత గురించి. ఏటా ముందుగా ఆమెను శాంతింపజేయకపోతే పంట పోతుందని నమ్ముతారని రాసి, ఆమెకు మనిషి బలి ఇష్టమంటాడు. దుమ్ముగూడెానికి దగ్గరలోని ఒక ఊరి వద్ద ఇద్దరిని ఇలా చంపారనుకోవడానికి గట్టి కారణముందని అంటాడు. బస్తరులోనైతే ఏటా పరాయివాళ్లు మాయమవుతారనడంలో సందేహమే లేదంటాడు. ఆ కారణం ఏమిటి? ఎవరు చూశారు? ఏ ఊరు? థర్‌స్టన్ ఎత్తి రాసిన పేజీల్లో వీటికి జవాబు లేదు. ఇప్పాకు దగ్గర అంత వివరంగా రాసిన కలం ఇక్కడ పుకారు మీద ఆగిపోయింది. అయినా పుస్తకంలో రెండూ ఒకే అచ్చులో, ఒకే ధీమాతో కనిపిస్తాయి. చదివేవాడికి తేడా తెలియదు. గైడు రాసేవాడికి అసలే తెలియదు, ఆకు సంగతి వదిలేసి బలి సంగతి ఎత్తుకుంటాడు.

ఆ పుకారు అంత సులువుగా ఎందుకు నమ్మబుద్ధి అయింది? గంజాం కొండల్లో నరబలిని అణచడానికని ప్రభుత్వం 1845లో మెరియా ఏజెన్సీ పెట్టింది. అప్పటి నుంచి కొండ మీద ఉండే ప్రతి తెగనూ ఆ అద్దంలోంచే చూశారు. ఇంకోటి కూడా ఉంది. భద్రాచలం, రేకపల్లి ప్రాంతం 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రభుత్వం కిందికి వచ్చింది. అంతకుముందు గొడ్డలికి సుమారు నాలుగణాలు ఉన్న పోడు పన్ను దాదాపు మూడింతలైంది, కొన్ని చోట్ల చెట్టు కొట్టడమే నిషేధమైంది. 1879 మార్చిలో మొదలైన రంప తిరుగుబాటు ఆ ఏడాదే రేకపల్లికి పాకింది. కేన్ పెద్ద వ్యాసం వచ్చింది 1881లో. లండన్‌లోనో మద్రాసులోనో దాన్ని తెరిచే పాఠకుడు అప్పుడే తిరుగుబాటు వార్తలు విని ఉంటాడు. రక్తం కోరే దేవత సంగతి అతనికి చిక్కితే పన్ను సంగతి అడగాల్సిన పని తగ్గుతుంది. కేన్ అందుకే రాశాడని మేము అనడం లేదు, ఆ మాట అలా పనికొచ్చి ఉంటుందని అంటున్నాం. (ఆ రేకపల్లి వైపు ఊళ్లే నేడు పోలవరం ముంపు జాబితాలో ఉన్నాయి.)

కేన్ కంటే ముందే నాగపూర్‌లో స్టీఫెన్ హిస్లాప్ అనే మరో మిషనరీ గోండుల లింగో గాథను ఒక పర్ధాన్ నోట విని రాసుకున్నాడు. హిస్లాప్ 1863లో వాగులో మునిగి చనిపోయాక 1866లో రిచర్డ్ టెంపుల్ ఆ కాగితాలను అచ్చువేయించాడు. అందులో ఇంగ్లీషుతో పాటు గోండి మాటలూ ఉన్నాయి. అందువల్ల అనువాదం తప్పైతే ఇవాళ మనం పట్టుకోగలం. కేన్ వర్ణించిన ఆచారాల దగ్గర మనకు ఆ వీలు లేదు. చెప్పినవాళ్ల మాటలు పోయాయి, ఇంగ్లీషు మిగిలింది. పాడేవాళ్ల పేర్లూ పోయాయి. డోలు వాయించి మన వంశాల కథలు చెప్పే డోలీల గురించి ఆయన రాశాడు గానీ ఏ డోలీ ఏం పాడాడో మనకు తెలియదు. మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఒక కోయ గాయకుడి పేరు దేశమంతా విన్నది. కేన్ రాతలకూ ఆ రోజుకూ మధ్య నూట నలభై ఏళ్లు.

ఇంత చెప్పినా ఆయనను పక్కన పెట్టమని మేము చెప్పం. ఊళ్లో నిలిచి, భాష నేర్చుకుని రాసినవాడు. గుర్రం మీద వచ్చి నాలుగు రోజుల్లో నివేదిక రాసి పోయిన అధికారులు వేరు. ఉపాధ్యాయ మిత్రులు తరగతిలో ఆయన పేజీ చదివిస్తే, ప్రతి వాక్యం పక్కన 'చూశాడు', 'విన్నాడు' అని పిల్లల చేత పెన్సిలుతో గుర్తు పెట్టించండి. ఆ పేజీ గూడేనికి తీసుకెళ్లి వడ్డెకూ, ముసలమ్మలకూ చదివి వినిపించి, వాళ్లు కాదన్నది వాళ్ల పేరుతో రాయించండి.

ఆయన కోయ సువార్త భాగాలు దొరికితే భక్తి లేనివాళ్లు కూడా చదవాలి. 2000 తర్వాత ప్రభుత్వం కోయభాషలో వాచకాలు వేసినప్పుడు చాలా చోట్ల మాట దొరక్క తెలుగు మాటే పెట్టేశారు. నూరేళ్లకు ముందు రొట్టెకు, రాజ్యానికి, క్షమకు ఆయన కోయలో ఏ మాటలు ఎంచుకున్నాడో, ఎవరిని అడిగి ఎంచుకున్నాడో చూడాలని మాకు ఉంది.