ఒజాకి కోయో – బంగారు యక్షుఁడు

బహుజనుల మెప్పు వడసిన గ్రంథకర్తకు విమర్శకులవలన రెండు శిక్షలు కలుగుచుండును. జీవించియున్నంతకాలము జనరంజకమగుటయే యాతని కొఱఁతగా నెన్నుదురు. గతించిన వెనుక నాతని కాలము చెల్లినదని పలుకుదురు. జపాను నవలాకర్త ఒజాకి కోయో యీ రెండు తీర్పులకును గుఱియైనవాఁడు. ముప్పదియైదేండ్లు మాత్రమే జీవించి, యొక్క కథకై దేశమంతయు నేండ్లతరబడి యెదురుచూచునట్లు చేసి, యా కథను ముగింపకయే కన్నుమూసిన యీతని చరిత్రము, గ్రంథభాషకును వాడుకభాషకును నడుమ చిరకాలము వివాదపడిన తెలుఁగువారు శ్రద్ధతోఁ బరిశీలింపఁదగినది.

కోయో యసలుపేరు తొకుతరో. 1868 జనవరి 10వ తేదిని ఎదో నగరమునందలి షిబా పేటలో జన్మించెను. ఆ యేఁటనే యా నగరమునకుఁ తోక్యో యను పేరు కలిగెను. కావున నీతఁడు ప్రాఁత రాజధానిలోఁ బుట్టి క్రొత్త రాజధానిలోఁ బెరిగినవాఁడు. తండ్రి కొకుసయి జింకకొమ్ములను జెక్కి చిన్నబొమ్మలు సేయుటయందు నేర్పరి. అంతియకాక ధనికుల విందులలో హాస్యములాడి యతిథులను వినోదింపఁజేయుటయు నాతని వృత్తి. ఈ రెండవ వృత్తిని గుఱించి కోయో తన మిత్రులకుఁ దెలియనీయలేదు. తల్లి బాల్యముననే గతింపఁగా మాతామహుల యింటఁ బెరిగెను. ధనవంతులను నవ్వించి బ్రతికిన తండ్రిని దాఁచుకొన్న కుమారుఁడు, ధనము మనుష్యుని జెఱచు విధమును దన ప్రధానకథకు వస్తువుగా గ్రహించుట గమనింపఁదగినది. ఇంతకు మించి యూహించుట విమర్శకునికిఁ దగదు.

1885లో, ఇంకను విద్యార్థిగా నున్నపుడే, యమద బిమ్యో మొదలగు మిత్రులతోఁ గూడి యాతఁడు ‘కెన్యూషా’ యను సంఘమును స్థాపించెను. సిరాచాఁదు ఱాతి మిత్రుల సంఘమని దాని యర్థము. వారి పత్రిక పేరు ‘గరకుత బుంకో’, అనఁగాఁ బనికిమాలిన వస్తువుల భాండారము. మొదట నది చేతివ్రాతతో మిత్రులలో మాత్రమే తిరిగినది. 1889లో నిద్దఱు సన్న్యాసినుల పశ్చాత్తాపమును వర్ణించు చిన్నకథ యాతనికిఁ బేరు తెచ్చెను. ఆ కథ పేరులోని ‘బికుని’ శబ్దము మన భిక్షుణియే. ఆ యేఁటి తుదనే యోమియురి పత్రికవారు కోయోను దమ కొలువునఁ జేర్చుకొనిరి. విశ్వవిద్యాలయమున మొదట న్యాయశాస్త్రమును, పిదప స్వదేశ సాహిత్యమును జదివి, పట్టము గొనకయే 1890లో విడిచెను. అప్పటినుండి కలమే యాతనికి జీవనాధారము.

ఆ దినములలో జపాను రచయితలను గలఁచుచున్న ప్రశ్న భాషను గుఱించినది. పలుకునట్లే వ్రాయవలయు నను వాదము బలపడుచుండెను. 1887లో ఫుతబతెయ్ షిమెయ్ ‘ఉకిగుమో’ నవల నట్టి భాషలోఁ బ్రారంభించెను. బిమ్యోయు నా పక్షమువాఁడే. కోయో మాత్రము పదునేడవ శతాబ్దపు సైకకు రచనలను జదివి, యా వచనపు బిగికి లోనయ్యెను. ఆతఁ డవలంబించిన మార్గము మిశ్రమైనది: వర్ణనము ప్రౌఢమగు గ్రంథభాషలో, సంభాషణము నాఁటి తోక్యో వాడుకలో. ఇది చేతకానివాని రాజీ కాదు. 1896లో వ్రాసిన ‘తజో తకొన్’ నవలలో, భార్య మరణింపఁగా దుఃఖమునుండి తేఱుకొనలేక మిత్రుని యింటఁ జేరిన యొక యుపాధ్యాయుని మనస్సును నాతఁడు కేవలము వాడుకభాషలోనే, మిక్కిలి సూక్ష్మముగఁ జిత్రించెను. ఆ భాష చేతనుండఁగనే, మఱుసటియేఁడు ప్రారంభించిన మహాకథకు మరల గ్రంథభాషనే కోరికొనెను.

ఆ కథయే ‘కొంజికి యాషా’. 1897 జనవరి 1వ తేదిని యోమియురియందు మొదలై, నడుమనడుమ నాగుచు 1902 వఱకు సాగెను. పేరులోని యాషా శబ్దము మన యక్షశబ్దమే. బౌద్ధగ్రంథములవెంటఁ జీనామీఁదుగా జపానుఁ జేరినది. మనకు యక్షుఁడు నిధులఁ గాచు కుబేరభృత్యుఁడు, మేఘముచేత సందేశ మంపిన విరహియు నాతఁడే. జపానులో నా శబ్దమునకుఁ గ్రూరభూత మను నర్థము ప్రబలినది. కోయో కథానాయకునికి నిధిపాలన, విరహము, క్రౌర్యము మూఁడును జెల్లును.

అనాథయైన కన్యిచి, తన తండ్రివలన మేలుపొందిన షిగిసవవారి యింట విద్యార్థిగాఁ బెరుగుచుండెను. ఆ యింటి కూఁతురు మియ యాతనికి వాగ్దత్త. నూతనసంవత్సరమునఁ జీట్లాటకుఁ గూడిన యువజనుల నడుమకుఁ దొమియమ యను ధనికపుత్రుఁడు 300 యెన్నుల వజ్రపుటుంగరముతో వచ్చును. ఆమె తల్లిదండ్రులు మనసు మార్చుకొందురు, ఆమెయు నొప్పుకొనును. జనవరి 17వ తేది రాత్రి అతమి సముద్రతీరమునఁ గన్యిచి యామెను నిందించి, యేఁటేఁట నీ రాత్రి చంద్రుని దన కన్నీటితో మసకపఱతు నని శపథముచేసి, కాలితోఁ దన్ని వెడలిపోవును. అటుపిమ్మటఁ జదువు మాని వనిబుచి యను వడ్డివ్యాపారికడఁ గొలువు చేరును. తన కొడుకు చెడుటకుఁ గారకుఁడని యొక పిచ్చితల్లి వనిబుచి యింటికి నిప్పు పెట్టఁగా నా దంపతులు దగ్ధులగుదురు. అది చూచియుఁ గన్యిచి యా వృత్తి మానఁడు. పశ్చాత్తాపముతో మియ వ్రాసిన యుత్తరములను జిరకాలము విప్పిచూడఁడు.

శపథమునం దొక విశేషము కలదు. జపానువారు 1873లో నూతన సౌరమానమును గ్రహించిరి. తిథినిబట్టి ప్రతిన పూనినచో నా రాత్రి యెప్పుడును జంద్రుఁ డుండును. తేదినిబట్టి పూనినచోఁ గొన్నియేండ్లు వెన్నెలయు, గొన్నియేండ్లు చీఁకటియు నుండును. క్రొత్త కాలమానములో నిలిచి ప్రాఁత వెన్నెలను సాక్షిగాఁ బిలిచిన కన్యిచివలెనే, క్రొత్త వార్తాపత్రికలోఁ బ్రాఁత వచనమును బలికించినవాఁడు కోయో.

ఆ వచనమున కేమి గతి పట్టినది? ఆ వర్ణనముల సొగసునకు నాఁటి పాఠకులు మురిసిరి. నేఁటి జపాను యువకులలోఁ బెక్కండ్రకు వానిఁ జదువుటకుఁ దాత్పర్యము కావలసివచ్చినది. కాని యతమి తీరమునఁ గన్యిచి పలికిన పలుకులు వాడుకభాషలోనివి. కథ నడుచుచుండఁగనే 1898లో నాటకశాల కెక్కినవియు, పిదప వీథిపాటలలోఁ గరఁగి జనుల నోట నిలిచినవియు నా పలుకులే. విద్యార్థుల పరిహాసమును జూడుఁడు: వారి భాషలో ‘కోరి’ యనఁగా నధికవడ్డి, మంచుగడ్డయు నదియే, కావున వడ్డివ్యాపారిని ‘ఐస’ని యాంగ్లమునఁ బిలుతురు, కన్యిచిని వలచు సుందరియగు వడ్డివ్యాపారిణి ‘క్రీమ’గును. ఇట్టి సజీవమైన చమత్కారమును బట్టుకొన్న చెవి కోయోకుఁ గలదు. దీనినిబట్టి గ్రంథభాష వ్యర్థమని తీర్పు చెప్పరాదు. ఆ ప్రౌఢవర్ణనము లేనియెడల అతమి సంభాషణ మొక సామాన్యపుఁ గలహముగాఁ దోఁచియుండును. కట్టడమును నిలిపిన పరంజివలె నది తన పని నెఱవేర్చినది. జనులు కట్టడమును గుర్తుంచుకొని పరంజిని మఱచిరి.

కునికిద దొప్పో 1902లో నీతని రచనలను విమర్శించుచు, నవి పాశ్చాత్యవేషము దాల్చిన గెన్రోకు కాలపు సాహిత్య మని తేల్చెను. 1688–1704 నడుమ వర్ధిల్లిన సైకకు యుగమే గెన్రోకు. వేషమును గుఱించి యాతఁ డన్నమాట యాతఁ డెఱిఁగినదానికంటెను సత్యమైనది. ‘బర్తా క్లే’ యను పేరుతో వెలసిన చవుక యాంగ్లనవలలలో నొకటి కొంజికి యాషాకు బీజమని 2000లో హొరి కెయికొ నిరూపించెను. ప్రియుని విడిచి ధనికుని వరించిన కన్య కథయే యది. అయినను బీజము పరకీయమగుటచేతఁ జెట్టు పరకీయము గాదు. ప్రణయభంగమునకుఁ బ్రతీకారముగా వడ్డివ్యాపారమును వరించిన వీరుని గల్పించి, నాఁటి తోక్యో యప్పులవారి గోడును గథలోనికిఁ దెచ్చినవాఁడు కోయోయే. దొప్పో వేషమును జూచెను. దానిలోని గాయమును జూడలేదు.

కథ యేల ముగియలేదు? రోగమే కారణ మని సాధారణముగాఁ జెప్పుదురు. వాక్యమును మరలమరలఁ దిద్దు నాతని యలవాటును గారణమే. కాని కథాస్వభావములోనే యొక చిక్కు కలదని నా యభిప్రాయము. ధనమువలనఁ గలిగిన గాయమును ధనముచేతనే తీర్చుకొనఁ బూనినవానికి, వడ్డి పెరుగుటయే కాని ఋణము తీఱుట లేదు. క్షమించినచో నైదేండ్ల పగ యర్థహీనమగును. క్షమింపనిచో నాయకుఁడు భూతముగనే మిగులును. కోయో మియ మరణమును గన్యిచికిఁ గలలోఁ జూపి యూరకుండెను. అది తప్పించుకొనుట కాదు, సత్యమైన సంశయము.

గురువుగా నీతఁడు చేసిన యుపకారము గొప్పది. 1891లో నాశ్రయించిన ఇజుమి క్యోకను దన యింటనే యుంచుకొని రచనలు దిద్దెను. తొకుద షూసెయ్, ఒగురి ఫూయో లీతని శిష్యులే. ఫూయో యనంతరము గురుని కథకుఁ గొనసాగింపును వ్రాసెను. అయినను, ధనముచే విడిపోయిన ప్రేమను దేశమంతయుఁ దలఁచి యేడ్చునట్లు చేసిన యీ గురువే, క్యోక వలచిన గెయిషాను విడువు మని కఠినముగ శాసించెను. గురుని మరణానంతరమే క్యోక యామెను భార్యగాఁ బడసెను.

1902లో యోమియురిని విడిచిన కోయో, యుదరమునఁ బుట్టిన పుండుచే 1903 అక్టోబరు 30వ తేదిని మరణించెను. అంతకుఁ గొలఁదికాలము ముందు, బ్రతుకుట దుర్లభ మని యెఱిఁగియు మరుజెన్ పుస్తకశాలకుఁ బోయి ‘సెంచురీ’ యను పెద్ద యాంగ్లనిఘంటువును గొనెనని యచ్చట నుద్యోగియైన ఉచిద రోఅన్ వ్రాసియున్నాఁడు. బహుజనుల మెప్పునకై వ్రాసినవాఁడని యీతనిఁ జులుకన సేయువా రీ సంగతిని దలఁపవలయును. తాను వ్రాయ నవకాశములేని వాక్యములకై పదములు సేకరించువాఁడు కేవలము మెప్పునకు వ్రాసినవాఁడు కాఁడు.