మధ్యలో మారిన ప్రశ్నాపత్రము

పరీక్ష జరుగుచుండగా, సగము మంది విద్యార్థులు వ్రాసి వెళ్లిన పిమ్మట, మూడవ ప్రశ్నను మార్చి, అందరి మార్కులను ఒకే పట్టికలో కూడినచో ఏమగును? అట్టి ఫలితమును ఏ ఉపాధ్యాయుడును అంగీకరింపడు. కాని మొబైలు ఫోనులతో వివరములు సేకరించునపుడు ఈ పొరపాటు మిక్కిలి సులభముగా జరుగును. దీనికి అవకాశమిచ్చు సాధనము మంచిదే. అయినను అందు ఒక లోటు కలదు. వాడువారి పద్ధతిలో అంతకంటె పెద్ద లోటు కలదు. ఈ రెంటిని వేరుచేసి చూడవలెను.

పూర్వపు పద్ధతిలో ప్రశ్నలన్నియు యాప్‌లోనే ఇమిడియుండెడివి. ఒక్క ప్రశ్న చేర్చవలెనన్నను యాప్‌ను తిరిగి తయారుచేసి ప్రతి ఫోనులోను మరల ఎక్కింపవలసి వచ్చెడిది. కొత్త పద్ధతిలో యాప్‌నందు ప్రశ్నలుండవు. ప్రశ్నలను చదివి తెరపై చూపు నేర్పు మాత్రమే ఉండును. ఫారము ఒక వర్ణనగా సర్వరులో ఉండును. ప్రతి ప్రశ్నకు ఒక పేరు, జవాబు అంకెయా, మాటయా, ఫొటోయా అను రకము, తెరపై కనబడు వాక్యము, "సున్నకు తక్కువ కారాదు" వంటి నియమము, "పై ప్రశ్నకు అవునన్ననే దీనిని అడుగుము" వంటి షరతు అందు వ్రాయబడును. సర్వరులో వర్ణన మారినచో ఫోనులో ఫారము మారును, యాప్ మారదు. పరీక్షహాలు అదియే, ప్రశ్నాపత్రము వేరు.

ఈ పద్ధతికి ప్రసిద్ధమైన ఉదాహరణము ఓ.డి.కె. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున 2008లో ఆచార్య గేటానో బోరియెల్లో మార్గదర్శకత్వమున ఇది ఆరంభమైనది. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియము 2003లో వెలువరించిన ఎక్స్‌ఫారమ్స్ అను ప్రమాణము దీనికి ఆధారము. ఇది ఉచితము; దీని మూలమును ఎవరైనను చదివి పరీక్షింపవచ్చును. సిగ్నలు లేనిచోటను ఫారము నింపి, తరువాత పంపవచ్చును.

కోనసీమలో ఇట్టి సాధనము విలువ ఎంతయో ఊహింపుడు. అమలాపురము ప్రాంతమున ఒక ఉన్నత పాఠశాల విద్యార్థులు కొబ్బరితోటల సర్వే చేయుచున్నారనుకొందము. కొందరు గోదావరి పాయ దాటి లంకకు పోయిరి. వారి ఫోనులలో నిన్నటి ఫారమే ఉన్నది. ఊరిలో ఉన్నవారికి నేటి ఫారము అందినది. సాయంకాలమునకు రెండు విధముల జవాబులును సర్వరు చేరును. ఓ.డి.కె.లో ప్రతి జవాబుతోపాటు ఫారము గుర్తు, దాని కూర్పు సంఖ్య కూడ ప్రయాణము చేయును. కనుక ఏ జవాబు ఏ కూర్పునకు చెందినదో తెలియును. ఇది మెచ్చదగిన ఏర్పాటు.

ఇక లోటు చూడుడు. మొదటి రోజున "ఈ చెట్టుకు గెలలెన్ని?" అని అడిగిరి. ఆ ప్రశ్నకు ఫారములో పెట్టిన పేరు "దిగుబడి". రెండవ రోజున పర్యవేక్షకుడు ఆ పేరును అట్లే ఉంచి, వాక్యమును "కాయలెన్ని?" అని మార్చెను. ఒక చెట్టుకు 8 గెలలని వ్రాసిరి. అంతే కాపుగల వేరొక చెట్టుకు 80 కాయలని వ్రాసిరి. రెంటి సగటు 44. ఇది గెలల లెక్కయు కాదు, కాయల లెక్కయు కాదు. మాట అడుగు ప్రశ్నను అదే పేరుతో అంకె ప్రశ్నగా మార్చినచో ఓ.డి.కె. సర్వరు అభ్యంతరము చెప్పును. కాని ఇచట రెండును అంకెలే. రకము మారుటను యంత్రము పట్టుకొనగలదు. అర్థము మారినచో పట్టుకొనలేదు.

రెండవ చిక్కు ఖాళీ గడులది. 2016లో తమిళనాట కనబడిన సర్పిలాకార తెల్లదోమ తరువాత గోదావరి జిల్లాల కొబ్బరికిని సోకినది. అది విసర్జించు తీపి ద్రవముపై నల్లని మసి వంటి బూజు పెరుగును. 40 తోటలలో 24 చూచిన పిమ్మట "ఆకులకు మసి పట్టినదా?" అను ప్రశ్నను చేర్చిరనుకొందము. మిగిలిన 16 తోటలలో 12 చోట్ల "అవును" అని వచ్చినది. ఖాళీలను "కాదు" అని ఎంచినచో 40కి 12, అనగా నూటికి 30. అడిగినవారినే లెక్కించినచో 16కి 12, అనగా నూటికి 75. తెగులు తీవ్రత తెలియక నివారణ ఆలస్యమైనచో నష్టపోవునది రైతు. అడుగని ప్రశ్నకు "కాదు" అను జవాబు లేదు.

ప్రశ్నలను మార్చుట ఎంత బాధ్యతగల పనియో జనాభా లెక్కలను చూచిన తెలియును. 1948 నాటి చట్టము ప్రకారము అందలి ప్రశ్నలను కేంద్ర ప్రభుత్వము గెజెట్‌లో ప్రకటింపవలెను. 2027 జనాభా లెక్కలను మొబైలు యాప్ ద్వారా సేకరింప నిర్ణయించినను ఈ నియమము తొలగలేదు. సాధనము వేగవంతమైనంత మాత్రమున ప్రశ్న చపలము కారాదు. కొత్తగా వ్యక్తిగత వివరమును అడుగునపుడు మరింత జాగ్రత్త కావలెను. అడిగిన వివరమేదో, ఎందులకో తెలిపి సమ్మతి పొందవలెనని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చెప్పుచున్నది. నిన్నటి ఫారమునకు ఇచ్చిన సమ్మతి, రాత్రికి రాత్రి చేరిన ప్రశ్నకు వర్తింపదు.

కావున ఈ పద్ధతిని విడువనక్కరలేదు; కట్టుబాటుతో వాడవలెను. అక్షరదోషమును దిద్దవచ్చును. అర్థము మారినచో ప్రశ్నకు కొత్త పేరు పెట్టవలెను. పాత కూర్పుతో వచ్చిన జవాబును త్రోసివేయక, పాతదిగానే భద్రపరుపవలెను. కొత్త రకపు ప్రశ్నను పాత యాప్ చూపలేకపోయినచో, దానిని మౌనముగా దాటిపోక, ఆ సంగతి తెలుపవలెను. ఫోనులో సరిచూచిన నియమములను సర్వరు మరల సరిచూడవలెను.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో ఫోను లేకయే పరీక్షింపవచ్చును. సగము తరగతిని "ఇంటిలో ఎందరు?" అనియు, తక్కిన సగమును "ఇంటిలో పిల్లలెందరు?" అనియు అడిగి, జవాబులను ఒకే వరుసలో వ్రాసి సగటు కట్టింపుడు. ఆ సగటు దేనిదో చెప్పుమని అడుగుడు. జవాబు దొరకని ఆ నిమిషములోనే విద్యార్థికి పాఠము బోధపడును.