అడ్డుతెరయు వలముసుగును

ఈ నడుమ తిరువళ్ళూరిలో జరిగిన మా కనిష్ఠకుమార్తె వివాహమున, సినిమాలలో చూచిన తీరున, ఆమె తలపై పలుచని వలముసుగొకటి వేసిరి. చూచుటకు బాగుగనే యుండెను. కాని జీలకఱ్ఱ బెల్లము పెట్టుటకు చేయి యెత్తినంతనే ముసుగు సూదులు జడలోని పూలతో చిక్కుపడెను. ముహూర్తము సమీపించుచుండగా నలుగురాడువారు చేరి విడదీసిరి. అడ్డుతెర యేదని పురోహితుడడుగగా ఎవరో భుజముమీది తువ్వాలు చాచిరి!

ముసుగును మేము నిందింపము. క్రైస్తవ వధువులకును ఉత్తరాది వధువులకును అది ఆచారము, వారికి శోభించును. మనకు తెర గలదు. ముసుగు వధువును మాత్రమే మఱుగుపఱచును. తెర యిరువురకును సమానమే. దానిని ఎవరును ధరింపరు, బంధువులు పట్టుకొందురు. సుముహూర్తమున ఒకరి తలపై నొకరు జీలకఱ్ఱ బెల్లముంచిన పిదపనే తెర తొలగును, చూపులు కలియును. ఫొటో కొఱకు ముందే దించినచో ఇక చూచుటకేమి మిగులును?

ఎంచుకొనుటలో కష్టమేమియు లేదు. అవతలి మొగము కనబడని దళసరి బట్ట కావలెను. కూర్చున్నవారి తలలకంటె ఎత్తుగా నిలిచి ఒడిదాక దిగవలెను. నడుమ కుంకుమతో స్వస్తికము వ్రాయుదురు. వలబట్టపై అది నిలువదు.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మదరాసు రాష్ట్రమున చేరినది. ఆ తరువాతను తిరుత్తణిలోని మా యింటి పెండ్లిండ్లన్నిటను మా అమ్మగారి కంచిపట్టు చీరయే తెర. మా కుమార్తె పెండ్లినాడు అది పెట్టెలోనే యుండెను. అడుగువారు లేరు, మేమును జ్ఞాపకము చేయలేదు. వచ్చు మాఘమున మా తమ్ముని కుమార్తె వివాహము. చీరను ఎండబెట్టించితిమి.